కియా కార్లు: వారంటీతో వచ్చిన పేరు.. తాళం దగ్గర పోయిందా?

కియా అనగానే మనకు గుర్తొచ్చేది పెనుకొండ ప్లాంటే. 2019లో సెల్టోస్ ఇక్కడి నుంచే రోడ్డెక్కింది. కానీ కంపెనీ వయసు పెద్దదే. 1944లో కొరియాలో స్టీల్ ట్యూబులు, సైకిల్ విడిభాగాలతో మొదలైంది. 1997లో దివాలా తీసింది. మరుసటి ఏడాది హ్యుందాయ్ చేతికి వెళ్లింది.

అప్పట్లో అమెరికాలో కొరియా కార్లంటే చౌక, నాసిరకం అనే ముద్ర. దాన్ని చెరిపింది 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ. 2006లో ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ నుంచి డిజైనర్ పీటర్ ష్రేయర్ వచ్చాక లుక్కూ మారింది.

మరి దెబ్బ ఎక్కడ తగిలింది?

మొదటిది ఇంజిన్. రీకాల్స్ ఆలస్యం చేసిందన్న కేసులో 2020లో 7 కోట్ల డాలర్ల పెనాల్టీకి కియా ఒప్పుకుంది.

రెండోది దొంగతనాలు. అమెరికాలో 2011-2021 మధ్య మోడళ్లలో, తాళంచెవితో స్టార్టయ్యే చాలా కార్లకు ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. అసలు తాళంచెవి లేకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని పరికరం అది. ఆ లోటు టిక్‌టాక్‌కెక్కింది, దొంగలు రెచ్చిపోయారు. 2023లో హ్యుందాయ్, కియా కలిపి 83 లక్షల కార్లకు ఫ్రీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించాల్సి వచ్చింది.

అసలు పాయింట్ ఇదీ. కెనడాలో 2007 నుంచే ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అందుకే అక్కడి కార్లలో ఉంది. రూల్ ఉన్నచోట పెట్టారు, లేనిచోట వదిలేశారు.

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కియా కొనే మన స్టూడెంట్స్ గమనించాలి. డబ్బు కట్టే ముందే విన్ నంబర్‌తో పెండింగ్ రీకాల్స్ చూసుకోండి. తాళం అప్‌డేట్ అయ్యిందా లేదా డీలర్‌ని అడగండి.