ఓడెడు జట్టును ఏల విడువరాదు?

గెలిచినవారి పక్షమున నిలుచుట మిక్కిలి సులభము. అందుకు ఓర్పు వలదు, ఆలోచనయు వలదు. నలుగురు నడచు త్రోవను నడచిన చాలును. ఓడినవారి పక్షమున ఒక దినము నిలుచుటయు అంత కష్టము కాదు. ఆ ఒక్క దినమునకు జాలియే చాలును. కాని యేటేట ఓడుచు, చేతికందిన విజయమును జారవిడుచుచు, పదిమంది నోళ్లలో నానుచుండు జట్టును పది పదునైదు వత్సరములు విడువక అంటిపెట్టుకొనియుండుట అందరివలన నగు పని కాదు. అట్టివారిని జూచి లోకము నవ్వును. "ఇంకను ఆ జట్టేనా?" అను ఎత్తిపొడుపు వినని విద్యార్థి మనలో అరుదు. ఆ ప్రశ్నకు తగిన ప్రత్యుత్తరము కలదా యని విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నిదర్శనమునకై దూరము పోనక్కరలేదు. పొరుగు రాష్ట్రపు రాజధానియగు బెంగుళూరు నగరపు క్రికెట్టు జట్టును గైకొందము. 2008వ సంవత్సరమున ఇండియన్ ప్రీమియర్ లీగు పోటీలు ప్రారంభమైనవి. ఏప్రిల్ 18వ తేదీన మొట్టమొదటి యాట బెంగుళూరుననే, ఆ నగరపు రాయల్ ఛాలెంజర్స్ జట్టునకును కలకత్తా జట్టునకును జరిగెను. కలకత్తావారు 3 వికెట్లకు 222 పరుగులు చేసిరి. బెంగుళూరువారు 82 పరుగులకే ముగిసి, 140 పరుగుల తేడాతో ఓడిరి. సొంత ఊరిలో, సొంత జనుల యెదుట వారి చరిత్ర ఇట్లు ప్రారంభమైనది.

మరుసటి యేడు, 2009 మే 24వ తేదీన, జొహన్నెస్‌బర్గు నగరమున జరిగిన తుది పోటీలో ఈ జట్టు మన హైదరాబాదు పేర ఆడిన డెక్కన్ ఛార్జర్స్ చేతిలో 6 పరుగుల తేడాతో ఓడెను. నాటి బెంగుళూరు నాయకుడు అనిల్ కుంబ్లే 16 పరుగులు మాత్రమే యిచ్చి 4 వికెట్లు తీసెను. ఆ దినపు ఉత్తమ ఆటగాని బహుమానము ఆయనకే లభించెను. కప్పు మాత్రము అవతలివారిదయ్యెను. 2011లో చెన్నపట్టణమున జరిగిన తుది పోటీలో 58 పరుగుల తేడాతో మరల ఓటమి. 2016లో విరాట్ కోహ్లీ ఆ యొక్క పోటీకాలముననే 973 పరుగులు చేసి జట్టును తుది పోటీకి చేర్చెను. ఆట బెంగుళూరుననే. ఐనను సన్‌రైజర్స్ హైదరాబాదు చేతిలో 8 పరుగుల తేడాతో ఓడిరి. 2017 ఏప్రిల్ 23వ తేదీన కలకత్తాలో జట్టంతయు 49 పరుగులకే కూలెను. ఒక్కరైనను 10 పరుగులు చేయజాలరైరి. సరిగా నాలుగేండ్ల క్రిందట, అదే తేదీన, ఆ జట్టే 263 పరుగులు చేసియుండెను! 2017లోను 2019లోను ఆ జట్టునకు దక్కినది కట్టకడపటి స్థానము.

ఇట్లు పదునేడు పర్యాయములు కప్పు లేకయే గడచినవి. "ఈ యేడు కప్పు మనదే" యను అర్థముగల కన్నడపు మాట యొకటి ఆ జట్టు వారికి నినాదము. ఇతరులకు అది పరిహాసవస్తువు. వారు మాత్రము దానిని విడువక ప్రతి వేసవిని మరల పలికిరి. తుదకు 2025 జూన్ 3వ తేదీన అహమ్మదాబాదునందు పంజాబు జట్టుపై 6 పరుగుల తేడాతో గెలిచి బెంగుళూరువారు పదునెనిమిదవ ప్రయత్నమున కప్పు నందుకొనిరి. 2009లో తప్పిపోయినదియు ఆ 6 పరుగులే.

ఈ కథ విని పలువురు, "చూచితిరా! ఓర్చినవారికి ఫలము దక్కినది" అందురు. వినుటకు ఇంపైన మాటయే. కాని మేము దీనిని అంగీకరింపజాలము. తుది గెలుపే విధేయతకు న్యాయము చేకూర్చునేని, జూన్ 2వ తేదీ వరకు అవివేకమైనది మరునాటి రాత్రి వివేకముగ మారినదా? ఆ రాత్రి ఓడిన పంజాబు జట్టును 2008 మొదలుకొని కప్పు నెరుగనిదే. దాని యభిమానులును అన్ని యేండ్లే వేచియుండిరి. 6 పరుగుల తేడా ఒక పక్షమువారిని జ్ఞానులుగను మరియొక పక్షమువారిని మూఢులుగను చేయగలదా? గెలుపు చూడకుండ మధ్యలో కన్నుమూసిన అభిమానుల సంగతి యేమి? వారి ప్రేమ వ్యర్థమని చెప్ప నెవరికి నోరాడును?

ఇట్టి ప్రశ్నకు అమెరికా దేశపు చికాగో నగరమున ప్రసిద్ధమైన నిదర్శనము కలదు. ఆ నగరపు కబ్స్ అను బేసుబాలు క్లబ్బు 1908లో ఆ దేశపు అత్యున్నత పోటీని గెలిచి, మరల 2016లో గాని గెలువలేదు. నడుమ గడచినవి 108 సంవత్సరములు. ఎర్నీ బ్యాంక్స్ అను మేటి ఆటగాడు 1953 మొదలు 1971 వరకు ఆ యొక్క క్లబ్బునకే ఆడెను. క్రికెట్టున సిక్సరు వంటి హోమ్ రన్ అను దెబ్బలను 512 కొట్టెను. ఐనను యేటి చివర మేటి జట్లకు జరుగు పోటీలలో ఒక్క ఆటయైనను ఆడు అవకాశము ఆయనకు లభింపలేదు. ఎండ బాగుగ కాసిన దినమున, నేడు ఒకటి కాదు, రెండాటలు ఆడుదమని ఆయన సంతోషముతో పలుకుచుండెడివాడట. 2015 జనవరిలో ఆయన మరణించెను. క్లబ్బు గెలిచినది మరుసటి యేడు. గెలుపును చూడలేదు గనుక ఆయన జీవితము కొరవడినదని చికాగోలో నెవరు నందురు?

ఇక గెలుపు క్లబ్బును రక్షించునా? మన హైదరాబాదు అనుభవము వేరుగ నున్నది. 2009లో బెంగుళూరును ఓడించి కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ జట్టు ధనపు చిక్కులలో పడి 2012లో రద్దయ్యెను. ఫుట్‌బాలున హైదరాబాదు క్లబ్బు 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేతయయ్యెను. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు మార్చుకొనెను. అభిమానులు లేక ఆ జట్లు చెడినవని మేము చెప్పుట లేదు. ధనము కొరవడి చెడినవి. కాని కప్పు వాటిని నిలుపలేకపోయెనను మాట సత్యము. నాడు ఓడిన బెంగుళూరు, కేరళ జట్లు ఆ పేరులతోడనే నిలిచియున్నవి.

ఇచ్చట మరియొక ఆక్షేపణ రాగలదు. "ఇది యంతయు వర్తకము. బెంగుళూరు జట్టును 2008లో 11 కోట్ల 16 లక్షల డాలర్లకు వేలమున కొనిరి. ఆటగాండ్రను వేలమున కొందురు. నేడు మనవాడు రేపు పరుల వాడు. ఇట్టి దానికి విధేయత యేల?" అని పెద్దలు కొందరు అడుగుదురు. ఈ ఆక్షేపణలో నిజమున్నది. యజమానికి మనము ఏ విధమునను ఋణపడియుండలేదు. అతడు అమ్మిన ప్రతి దుస్తును కొనుట విధేయత కాదు. తలిదండ్రుల సంపాదనను అందుకై వ్యయపరచుట తప్పు. కాని జట్టు అనగా యజమాని యొక్కడే కాడు. తండ్రియు కుమార్తెయు ప్రక్కప్రక్కన కూర్చుండి చూచిన యాటలు, ఇరుగుపొరుగువారు కలిసి పంచుకొన్న దిగులు, ఒక ఊరి పేరును పదిమంది యెదుట పలుకు గర్వము — ఇవి ఏ వేలమునను అమ్ముడుపోవు. విధేయత చెల్లవలసినది వీటికి. ప్రతిఫలము రాకున్నను ఒకదానిని ప్రేమించుట ఎట్లో బాలురు దీనివలన నేర్చుకొందురు. ఆటలో నేర్చిన యీ యోర్పు రోగియైన బంధువునెడ, చదువున వెనుకబడిన తమ్మునియెడ అక్కరకు వచ్చును.

ఐనను విధేయత హద్దులెరుగవలెను. అది మూడు విషయములందు తప్పు త్రోవ పట్టగలదని మా తలంపు.

మొదటిది, సత్యమును దాచుట. తన జట్టు చెడుగ ఆడినపుడు చెడుగ ఆడినదని చెప్పుట ద్రోహము కాదు. 2024లో బెంగుళూరు పురుషుల జట్టు మొదటి యెనిమిది యాటలలో ఏడింట ఓడెను. బౌలింగు బలహీనమని చెప్పినవారే మైదానమునకు పోవుట మానలేదు. పిమ్మట ఆ జట్టు వరుసగ ఆరు గెలిచి తుది నాలుగు జట్లలో చేరెను. మరియొక సత్యమును పలువురు మరచిరి. ఆ పేరునకు మొదటి కప్పు తెచ్చినవారు స్త్రీలు. 2023లో వారి జట్టు మొదటి అయిదాటలును ఓడియుండెను. స్మృతి మంధాన నాయకత్వమున 2024 మార్చి 17వ తేదీన ఢిల్లీలో అదే జట్టు విజేతయయ్యెను. ఆ పిమ్మటను "మన జట్టునకు కప్పే లేదు" అని దుఃఖించినవారు తమ జట్టులో సగమును లెక్కింపలేదన్నమాట.

రెండవది, ఓటమికి ఒకరిని బలిచేయుట. 2003 అక్టోబరు 14వ తేదీన చికాగోలో కబ్స్ జట్టు 3 పరుగుల ఆధిక్యమున నుండెను. మరి అయిదుగురిని అవుటు చేసిన, 1945 తరువాత మొదటిసారిగ అత్యున్నత పోటీకి చేరియుండెడిది. అప్పుడు అంచున కూర్చున్న ప్రేక్షకుడొకడు, ఇతరులవలెనే, తనవైపు వచ్చిన బంతికై చేయి చాపెను. ఆటగాడు దానిని పట్టలేకపోయెను. ఆ వెనుక ప్రత్యర్థులు 8 పరుగులు చేసిరి. ఆ పరుగులిచ్చినది జట్టు. నిందపడినది మాత్రము ఆ ప్రేక్షకునిపై. తన పక్షమువారే దూషించి, పానీయములు విసరగా, కావలివారు అతనిని వెలుపలికి తీసికొనిపోవలసివచ్చెను. పలు సంవత్సరములు అతడు జనుల కంటబడక జీవించెను. 2017లో క్లబ్బువారు తమ విజయోంగరము నొకదానిని అతనికిచ్చి గౌరవించిరి. మంచి పనియే, కాని పదునాలుగేండ్లు ఆలస్యమైనది. అతడును ఓటమిని భరించిన అభిమానియే యని ఆ రాత్రి గుర్తింపనివారు ఏ పాటి విధేయులు?

మూడవది, సంతోషమున మనుష్యుని మరచుట. బెంగుళూరు గెలిచిన మరునాడు, 2025 జూన్ 4వ తేదీన, చిన్నస్వామి మైదానము వెలుపల జరిగిన త్రొక్కిసలాటలో 11 మంది ప్రాణములు గోల్పోయిరి. పదునెనిమిదేండ్లు ఎదురుచూచిన ఉత్సవము ఒక్క సాయంకాలమున పదునొకండు గృహములకు శోకమైనది. చనిపోయినవారిని నిందించుట న్యాయము కాదు. జనసమూహమును పిలుచువారే దాని ప్రాణములకు ఉత్తరవాదులు. మనము నేర్వవలసినది ఒకటి కలదు: ప్రక్కన నిలిచినవాని ఊపిరికంటె ఏ కప్పును విలువైనది కాదు. ఇన్నేండ్ల ఓటమిని భరింపగలిగినవారికి ఇంటనుండియే ఒక గెలుపును ఆనందించుట కష్టము కాదు.

విద్యార్థులారా, ఈ మాటలు దూరపు మైదానములకు మాత్రమే చెందినవి కావు. ప్రతి పాఠశాలలోను ఏటేట ఓడెడు జట్టొకటి యుండును. మధ్యాహ్నపు టెండలో అభ్యాసము చేసి, పోటీనాడు మొదటి యాటలోనే ఓడి, సాయంకాలము మౌనముగ తిరిగివచ్చు బాలబాలికలను మీరెరుగుదురు. వారి యాటకు పోయి కడవరకు కూర్చుండుడు. తలిదండ్రులకు మా మనవి: గెలుతురను ఆశ లేని దినముననే మీ రాక బిడ్డలకు ఎక్కువ అవసరము. ఆటయందు చేసిన తప్పును ఇంట భోజనపు వేళ ఎత్తకుడు.

ఉపాధ్యాయులకును పత్రికా సంపాదకులకును ఒక సూచన చేయుచున్నాము. గెలిచిన జట్ల ఛాయాచిత్రములను వార్షిక సంచికలలో ముద్రించుట వాడుక. అది యుక్తమే. దానితోపాటు ఆ యేడు ఒక్క ఆటయు గెలువని జట్టులోని వారి పేరులనుగూడ, ఎన్ని యాటలు ఆడిరో ఆ సంఖ్యతో, ఒక పుటలో ముద్రింతురుగాక. దానికి పెద్ద వ్యయము కాదు. రాబోవు సంచికలోనే ఇది ప్రారంభము కావలెనని మా కోరిక.