చేతికి వచ్చిన విద్యకు చదువులో చోటేది?

మోటారు వైండింగ్ షాపులో మూడేళ్ళు పనిచేసిన కుర్రాడు డిగ్రీ కాలేజిలో చేరతాడు. కాలిపోయిన మోటారు విప్పడం, కాయిల్ చుట్టడం, బేరింగులు మార్చడం, ఫేజులు సరిచూసి మళ్ళీ బోరుకు బిగించడం అతనికి కొట్టిన పిండి. కాలేజిలో విద్యుత్ పరికరాల మీద ఒక నైపుణ్య కోర్సు ఉంటే, అతను కూడా మొదటిరోజున టెస్టర్ అంటే ఏమిటో నేర్చుకునే వారి పక్కనే కూర్చోవాలి. ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తూ బి.కాం.లో చేరిన వాడిదీ అదే పరిస్థితి. పదో తరగతిలో ఉండగానే హిందీ ప్రచార సభ పరీక్షలు ఒక్కొక్కటే రాసి ప్రవీణ దాకా పాసైన అమ్మాయి డిగ్రీలో రెండో భాషగా హిందీ తీసుకుంటే, మొదటి పాఠం నుంచి హాజరు వేయించుకోక తప్పదు.

వచ్చిన విద్యనే మళ్ళీ నేర్చుకోమనడంలో పోయేది కాలం ఒక్కటే కాదు. పల్లెల నుంచి బస్సెక్కి కాలేజికి వచ్చే పిల్లల్లో చాలామంది తెల్లవారుజామున పాలు పోసి, నీరు కట్టి వస్తారు. సెలవుల్లో కూలికో, షాపుకో వెళతారు. కోతల రోజుల్లో నాలుగు క్లాసులు తప్పితే హాజరు 75 శాతానికి తగ్గుతుంది. హాజరు తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు చిక్కు వస్తుంది. ఫీజు చేతినుంచి కట్టలేక రెండో ఏడులోనే చదువు మానేసిన పిల్లలు ఏ ఊళ్ళో అడిగినా కనిపిస్తారు. వారికి వచ్చిన విషయాన్ని పరీక్షించి, ఆ మేరకు క్లాసుల భారం తగ్గించి ఉంటే కొందరైనా చదువు పూర్తి చేసి ఉండేవారు.

ఇది కొత్తగా పుట్టిన కోరిక కాదు. ఎక్కడ నేర్చుకున్నావని అడగకుండా ఎంత వచ్చునో చూసి పట్టా ఇవ్వడం తెలుగు పల్లెలకు ఎరుకైన పద్ధతే. ప్రైవేటుగా మెట్రిక్ కట్టి ఉద్యోగాలు సంపాదించిన తరం ఒకటి ఉండేది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చినా, ఇంట్లో మిషను పెట్టుకుని నేర్చినా లోయర్, హయ్యర్ పరీక్షల్లో వేగమూ తప్పులూ చూస్తారు తప్ప వేరే ప్రశ్న వేయరు. 1918లో గాంధీజీ చొరవతో మద్రాసులో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకు ఊరి బడి అరుగు మీద చదువుకుని వెళ్ళినవారు ఎందరో. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. ఈనాడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. బడి సర్టిఫికెట్టు లేనివారు సైతం అర్హత పరీక్ష నెగ్గి డిగ్రీలో చేరే వీలును అది ఏళ్ళ తరబడి కల్పించింది. బడి మానేసిన కండక్టర్లు, గృహిణులు, రైతులు ఆ దారిన పట్టభద్రులయ్యారు.

ఇంజనీరింగులో ఈ సూత్రం ఇప్పటికీ అమలులో ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి బి.టెక్. రెండో ఏడులో నేరుగా చేరుతున్నారు. మొదటి ఏడు మళ్ళీ చదవమని వారినెవరూ అనడం లేదు. దానివల్ల ఇంజనీరింగు ప్రమాణాలు కూలిపోయాయని ఎవరూ గగ్గోలు పెట్టలేదు. డిప్లొమా వారికి న్యాయమైనది వైండింగ్ కుర్రాడికి ఎందుకు కాకూడదు?

ఇతర దేశాల అనుభవమూ చూడదగినది. రెండో ప్రపంచ యుద్ధంలో చదువు మధ్యలో ఆపి సైన్యంలో చేరిన యువకుల కోసం అమెరికాలో 1942లో ప్రత్యేక పరీక్షలు తయారయ్యాయి. హైస్కూలు పూర్తిచేసిన వారితో సమానమైన జ్ఞానం ఉన్నదో లేదో వాటితో తేల్చారు. 1967 నుంచి అక్కడి కాలేజి బోర్డు క్లెప్ అనే పరీక్షలు నడుపుతోంది. ఒక్కో సబ్జెక్టుకు సుమారు గంటన్నర పరీక్ష. 20 నుంచి 80 వరకు ఉండే మార్కుల కొలతలో 50 తెచ్చుకున్నవారికి ఆ సబ్జెక్టు క్రెడిట్లు ఇవ్వవచ్చని సిఫారసు ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది, ఎన్నింటికి ఇవ్వాలన్నది ఆయా కాలేజీల ఇష్టం. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి, సైనికులకు ఇది ఎంతో డబ్బును, కాలాన్ని ఆదా చేస్తోంది.

మన దేశంలో కూడా కాగితం మీద తలుపు తెరుచుకుంది. 2020 జాతీయ విద్యా విధానం ముందే నేర్చుకున్న దానికి గుర్తింపు ఉండాలన్నది. 2021లో యు.జి.సి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కు నిబంధనలు చేసింది. బ్యాంకులో డబ్బు వేసుకున్నట్టు విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు అతని ఖాతాలో జమ అవుతాయి. మామూలుగా ఏడేళ్ళ వరకు వాటిని వాడుకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం మరో అడుగు ముందుకు వేసి, బడిలో నేర్చినా, పనిలో నేర్చినా, మూల్యాంకనం జరిగిన తరువాత క్రెడిట్లు ఇవ్వవచ్చని చెప్పింది. దాని లెక్క ప్రకారం 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు.

ఈ లెక్క పల్లె విద్యార్థికి ఏమిస్తుందో చూడాలి. నాలుగు క్రెడిట్ల పేపరు అంటే 120 గంటలు. రెండు పేపర్లకు పరీక్ష ద్వారా గుర్తింపు దొరికితే 240 గంటలు మిగులుతాయి. రోజుకు ఐదు గంటల చొప్పున 48 రోజులు. ఒక పంటకాలంలో సగానికి దగ్గరగా వచ్చే ఈ రోజులను అతను గట్టి సబ్జెక్టులకు వాడుకోవచ్చు, ఇంటికి ఆసరాగానూ నిలవవచ్చు.

అయితే చట్రం దారి చూపుతుందే తప్ప నడిపించదు. విశ్వవిద్యాలయం తన నిబంధనల్లో చోటు కల్పించాలి, కాలేజి పరీక్ష పెట్టాలి. ఆ రెండూ జరగనంత కాలం విద్యార్థి దరఖాస్తు పట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడితే, "అలాంటిదేమీ లేదు బాబూ" అన్న జవాబే వస్తుంది. గుమాస్తా తప్పు కాదది. అతని బల్ల మీదకు ఉత్తర్వు రాలేదు.

దీనిపై అధ్యాపకులకు ఉండే సందేహాలు కొట్టిపారేయదగినవి కావు. మొదటిది ప్రమాణాల సంగతి. వైండింగ్ కుర్రాడికి కాయిల్ చుట్టడం వచ్చును గానీ అన్ని చుట్లే ఎందుకు చుట్టాలో తెలియకపోవచ్చు. దుకాణం లెక్కలు రాసేవాడికి జమా ఖర్చూ తెలుసు గానీ ఆస్తి అప్పుల పట్టీ చదవడం రాకపోవచ్చు. అందుకే పరీక్ష ఉండాలంటున్నది. చేతి పనీ చూడాలి, దాని వెనుక కారణమూ అడగాలి. కారణం చెప్పలేని చోట పది రోజుల క్లాసులు పెట్టి లోటు పూడ్చాలి. అప్పటికీ నెగ్గకపోతే మిగతావారితో పాటు క్లాసులో కూర్చుంటాడు. అతనికి జరిగే నష్టమేమీ లేదు.

రెండో సందేహం దొంగ సర్టిఫికెట్లది. డబ్బిస్తే అనుభవ పత్రం రాసిచ్చేవారు ప్రతి పట్నంలోనూ ఉన్నారు. కనుక అనుభవ పత్రం పరీక్షకు కూర్చునే అర్హత మాత్రమే కావాలి, క్రెడిట్ ఇచ్చేది పరీక్షే కావాలి. బయటి కాలేజి నుంచి పరీక్షకుడు రావాలి. జవాబు పత్రాలు భద్రపరచాలి. మొత్తం డిగ్రీలో ఇలా ఇచ్చే క్రెడిట్లకు ఒక హద్దు ఉండాలి. ఈ కట్టుబాట్లు లేకుండా మొదలుపెడితే రెండేళ్ళలో ఇదొక వ్యాపారమవుతుంది. నిజంగా పని వచ్చినవాడి పట్టాకు కూడా విలువ పోతుంది.

ఇక చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. విశ్వవిద్యాలయం ముందుగా నైపుణ్య కోర్సులు, రెండో భాష, కంప్యూటరు ప్రాథమికాంశాలు, ప్రాథమిక లెక్కల పద్దు వంటి నాలుగైదు పేపర్లకు ఈ వీలు కల్పించి చూడాలి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు ముందడుగు వేయవచ్చు. చేరిక పూర్తయిన రెండు వారాల్లో పరీక్ష జరగాలి. సెమిస్టరు సగం గడిచాక పెడితే ప్రయోజనం లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉండాలి. ఫీజు నామమాత్రంగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది హాజరు సంగతి. పరీక్ష నెగ్గిన పేపరు క్లాసుకు రాలేదని విద్యార్థిని గైరుహాజరుగా వేసి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపితే, ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్టవుతుంది. సాంఘిక సంక్షేమ శాఖ, ఉన్నత విద్యా మండలి కలిసి కూర్చుని ఈ ఒక్క ముడి విప్పాలి.

అంతవరకు విద్యార్థులు చేతులు ముడుచుకు కూర్చోనవసరం లేదు. స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక 2017 నుంచి నడుస్తోంది. కాలేజి అంగీకరించిన కోర్సులను అందులో చదివి, కేంద్రానికి వెళ్ళి పరీక్ష రాసి పాసైతే క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు ఇలా అనుమతించవచ్చని 2021 నిబంధన చెబుతోంది. తెలిసిన విషయమే అయితే ఆ చదువు భారం కాదు. కానీ కోర్సులో చేరకముందే ప్రిన్సిపాలు అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలి. చదివిన తరువాత అడిగితే లాభం లేదు. అకడమిక్ బ్యాంకు ఖాతా ఇప్పుడే తెరుచుకోవాలి. హిందీ, టైపు, ఐ.టి.ఐ., స్వల్పకాలిక శిక్షణల సర్టిఫికెట్లు పెట్టె అడుగున పడేయకుండా భద్రపరచాలి. పనిచేసిన షాపు యజమాని నుంచి ఏ పని, ఎన్నాళ్ళు చేసిందీ తేదీలతో రాయించుకోవాలి.

తల్లిదండ్రులు, ఊరి పెద్దలు కూడా ఒక మాట గ్రహించాలి. పిల్లవాడు సెలవుల్లో షాపుకు వెళ్ళి పని నేర్చుకుంటే చదువు చెడిందని కసరుకోవడం పరిపాటి. చదువుకున్న పిల్ల మగ్గం ముందు కూర్చుంటే నామోషీ అనుకునేవారూ ఉన్నారు. కాలేజీ కూడా ఆ విద్యకు విలువ లేదన్నట్టే ప్రవర్తిస్తే పిల్లలు నమ్మేదీ అదే. పడుగు పేకల లెక్క తప్పకుండా చీర అంచు మీద హంసను దించగలిగిన అమ్మాయికి లెక్కలు రావని ఎవరనగలరు? ఆమెకు ఎంత వచ్చునో కూర్చోబెట్టి అడిగే పరీక్ష ఒకటి ఈ జిల్లా కాలేజీల్లో వచ్చే విద్యా సంవత్సరానికైనా మొదలు కావాలి.