బండి క్రింద వంగి చూచువారెవరు?

ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టక మన పెద్దలు సంతకు బయలుదేరెడివారు కారు. నేడు ధాన్యమును, ఎరువును మోయు పని చాలవరకు పికప్ బండికి వచ్చినది. కందెన సంగతిని మాత్రము సంఘము డ్రైవరునకును, డ్రైవరు మెకానిక్కునకును, మెకానిక్కు దైవమునకును విడిచిపెట్టినారు. బండి ముందర ఇనుప గార్డునకు, వెనుక రంగుల పూవులకు సొమ్ము కొదువలేదు. పాత్రను వెలుపల తోమి లోపల విడుచువారిని గూర్చి చిన్ననాడు మిషను బడిలో చదివితిమి. ఆ మాట మోటారుబండికిని చెల్లును.

ఆ గార్డు మాట ముందుగా చెప్పెదము. అట్టివి 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధములని, తగు చర్య గైకొనుడని 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖవారు రాష్ట్రములకు వ్రాసిరి. ఎదుట నడచువానికి అది ప్రాణాపాయము. దానికి సంఘపు సొమ్ము వెచ్చించుట తగదు.

అపాయము బండి అడుగున ఉన్నది. గేరుపెట్టెనుండి వెనుక ఇరుసునకు ఇంజను బలమును చేర్చు పొడవైన గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. కమానులు క్రుంగి లేచునప్పుడు దాని కోణము మారుటకు వీలుగా కొనలయందు క్రాసులుండును. పొడవైన బండ్లలో షాఫ్టు రెండు ముక్కలై నడుమ సెంటరు బేరింగు ఉండును. కళ్లములో వరిగడ్డి ఈ షాఫ్టునకు చుట్టుకొని, తాడువలె బిగిసి, హౌసింగు నోటనున్న ఆయిల్ సీలును కోయును, నూనె కారిపోవును. అదే గడ్డి వేడి సైలెన్సరునకు తగిలినచో నిప్పంటుకొనును. రేగడి మన్ను ఒక ప్రక్క పట్టి ఎండినచో షాఫ్టు తూకము తప్పి వేగమున వణకును. అది చక్రముల దోషమని తలచి టైర్లు మార్చినవారిని మేమెరుగుదుము! ఇక పొటాషు ఎరువు పొటాషియం క్లోరైడు గదా. అది ఉప్పు జాతిది. చినిగిన సంచినుండి రాలిన పొడి తేమను పీల్చి, చాసిస్సు మూలలలో కూర్చుండి ఇనుమును తినివేయును.

గడచిన దాళ్వా కోతలలో ఒక సంఘపు బండి ధాన్యముతో పుంత దిగుచుండగా ముందు క్రాసు విరిగినది. షాఫ్టు కొన నేలను గ్రుచ్చుకొనగా బండి ఎగసి ప్రక్కకొరిగినది. సంచులపై కూర్చుండరాని పడుచువాడు కూర్చుండెను. వాని చేయి విరిగినది. ఆ రాత్రి వానకు ధాన్యము తడిసి మొలకెత్తినది. క్రాసునకు గ్రీజు పెట్టి ఎన్నాళ్లయినదని అడిగితిమి. ఎవరును బదులు పలుకలేదు.

ముందు క్రాసు చేరువను షాఫ్టు చుట్టును ఒక గట్టి ఇనుప పట్టీని చాసిస్సు అడ్డకమ్మికి బోల్టులతో బిగించినచో, విరిగిన షాఫ్టు నేలకు వ్రాలదు. అడుగంతయు రేకు కప్పింతమని కొందరు సభ్యులు వాదించుచున్నారు. రాళ్లు గల మెట్టపొలములలో ఇంజను నూనెతొట్టికి రేకు మేలే. మాగాణిలో మాత్రము దానిపై బురదయు, గడ్డియు నిలిచి కంటికి కనబడక మరింత కీడు చేయును. పెట్టింపక తప్పనిచో నీరు పోవు రంధ్రములును, విప్పి కడుగుటకు బోల్టులును ఉండవలెను. బరువునకై కమానులకు అదనపు ఆకులు చేర్చుట మరియొక వ్యసనము. బండి వెనుక భాగము లేచి, షాఫ్టు కోణము పెరిగి, క్రాసులు త్వరగా అరుగును. అడుగు గట్టునకు తగులుచున్నచో బస్తాలు తగ్గింపుడు.

వీనియన్నిటికంటె డ్రైవరు కూలిలో అరగంట చేర్చుట ముఖ్యమని మా అభిప్రాయము. పొలమునుండి వచ్చి, ఇంజను ఆపి, సైలెన్సరు చల్లారిన పిమ్మట గడ్డిని కత్తితో కోసి తీసి, అడుగు కడుగవలెను. నీటిధారను సీళ్లపైకి, బేరింగులపైకి సూటిగా కొట్టరాదు. చక్రములకు దిమ్మెలు పెట్టక, కేవలము జాకీని నమ్మి క్రిందికి దూరరాదు. నిపిలు గల క్రాసునకు నాలుగు కప్పులనుండియు పాత గ్రీజు వెడలువరకు గ్రీజు ఎక్కింపవలెను. నిపిలు లేనిచో చేత కదల్చి చూడవలెను. కప్పుల యొద్ద ఎఱ్ఱని తుప్పుపొడి కనబడినను, క్లచ్చి వదలునప్పుడు టక్కుమని చప్పుడైనను క్రాసు ఎండినదనియో, అరిగినదనియో అనుమానించి మెకానిక్కునకు చూపవలెను. షాఫ్టు విప్పునప్పుడు రెండు ప్రక్కల గుర్తు గీచి, తిరిగి అట్లే కలుపవలెను. పాత ఇంజను నూనెను అడుగంతయు పూయువారు కలరు. రబ్బరు చెడును, బ్రేకులకంటినచో ప్రమాదము.

ఈ పని ఇప్పుడు ఏల జరుగుటలేదు? పగలంతయు బస్తాలెత్తి చీకటి పడినంతట వచ్చినవానిని, కూలి లేక బురదలో పండుకొనుమనుట న్యాయము కాదు. వచ్చు సర్వసభ్య సమావేశపు అజెండాలో ఈ అరగంట కూలియు, ఆ ఇనుప పట్టీ ఖర్చును చేర్చవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాము.