మొక్కును వెక్కిరించొద్దు, మాట చెప్పండి

ఏటా వానలు పట్టి డెంగ్యూ వార్డులు నిండగానే ఫోన్లలో ఒక జోకు తిరుగుతుంది. బతికించింది డాక్టరు, బిల్లు కట్టింది తండ్రి, జుట్టు మాత్రం దేవుడికి అని. అది రాసినవాళ్లు పిల్లల ఐసీయూ బయట ఒక్క రాత్రయినా కూర్చుని ఉండరని నా అనుమానం. కూర్చుని కూడా నవ్వగలిగితే వాళ్ల గుండె దిటవుకు దండం పెట్టాలి.

నాది విజయనగరం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా చిన్నవాడికి ఐదేళ్లప్పుడు డెంగ్యూ వచ్చింది. విశాఖలో ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో చేర్చాం. వాడి పరిస్థితి పాడైంది జ్వరం దిగిన రోజునే. ఇది కాస్త విడమరిచి చెప్పాలి. అప్పటికి ఇంటిల్లిపాదీ థర్మామీటరు చూసుకుని గండం గడిచిందనుకున్నాం. డెంగ్యూలో అసలు ప్రమాదం సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగేటప్పుడే మొదలవుతుంది. రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా బయటకు కారిపోతుంది. మిగిలిన రక్తం మరిగిన చారులా చిక్కబడుతుంది. నాడి బలహీనపడుతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. ఈ కారడం ఉండేది ఒకటి రెండు రోజులే. ఆ రెండు రోజులూ సెలైన్‌ను గంటకింత అని, పిల్లవాడి బరువును బట్టి లెక్క కట్టి ఎక్కిస్తూ దాటించాలి. తక్కువైతే షాక్, ఎక్కువైతే పొట్టలోనూ ఊపిరితిత్తుల చుట్టూనూ నీరు. ఇంతకు మించి దీనికి ప్రత్యేకమైన మందంటూ లేదు.

మా అత్తగారు ఐసీయూ తలుపుకెదురుగా కూర్చుని పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి పైడితల్లి అమ్మవారికి ముడుపు కట్టారు. కట్టి, కొంగున ముడేసుకుని, "ఏటీ అవదమ్మా, తల్లి సూసుకుంటాది. నువ్వు మాత్రం డాకటరు సెప్పింది సెయ్యి" అన్నారు. ఆ రెండు వాక్యాల మధ్య ఆవిడకు ఏ పేచీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

విశాఖ రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. ఆ మూడు కొండలకూ మొక్కే మనుషులు ఐసీయూ ముందు వరండాలో ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు. ఒకామె బురుజుపేట కనకమహాలక్ష్మి కుంకుమ పొట్లం విప్పి అందరికీ పెట్టింది. దర్గా నుంచి తెచ్చిన దారం మా వాడికీ ఒకటి ఇచ్చాడు ఒక తండ్రి. ఎవరు ఏ దేవుడి తాలూకు అని ఎవరూ అడగలేదు. అక్కడ అడిగే ప్రశ్న ఒకటే: "లోపల్నుంచి ఏమైనా చెప్పారా?"

చెప్పరు. నా ఫిర్యాదంతా దీని గురించే. రాత్రంతా ఆ తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ట్రేలు పోతాయి, రిపోర్టులు వస్తాయి, మందుల చీటీ చేతిలో పడుతుంది. "ఎలా ఉన్నాడు సార్" అంటే పెద్ద డాక్టరు నడుస్తూనే చెయ్యి పైకెత్తి చూపించారు. అంతా ఆ పైవాడి దయ అని. ఇలాంటి జవాబు ఎన్ని ఆసుపత్రుల్లో ఎంతమంది విన్నారో! నాకు దేవుడి మీద నమ్మకం ఉంది, ఆయన దయ గురించి ఐసీయూ డాక్టరు నాకు చెప్పక్కర్లేదు. డాక్టరు చెప్పాల్సింది బీపీ ఎంత, మూత్రం వస్తోందా, పొద్దుటికీ ఇప్పటికీ తేడా ఏమిటి అని. భక్తురాలు కదా అని దేవుడి పేరు చెప్పి సాగనంపడం వెక్కిరింతకంటే పెద్ద అవమానం.

ఈలోగా ఫోన్లు. ప్లేట్‌లెట్లు 28,000కు పడ్డాయని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలందరూ డాక్టర్లే. ఎందుకు ఎక్కించట్లేదు, డబ్బుల కోసం ఆడుతున్నారా, వేరే ఆసుపత్రికి మార్చేయండి, కివీ పళ్లు పెట్టండి. మా బావగారు ఎమ్మెస్సీ చదివారు, దేవుణ్ణి నమ్మరు. బొప్పాయి ఆకు రసాన్ని మాత్రం గాఢంగా నమ్ముతారు. ఒక సీసా నిండా పిండించి పట్టుకొచ్చేశారు కూడా. మంచినీళ్లు తాగినా వాంతి చేసుకుంటున్న పిల్లాడికి ఆ చేదు పట్టించాలట.

ఆ వేళ డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ బయటకు వచ్చి కేస్ షీటు నా ముందు పెట్టింది. "ప్లేట్‌లెట్లు చూడకండి మేడమ్, ఇది చూడండి" అని పీసీవీ వరుస చూపించింది. రక్తంలో ఎర్రకణాల వాటా అది. ప్లాస్మా కారిపోయేకొద్దీ పెరుగుతుంది. 35 నుంచి 43కు ఎక్కి, అక్కడ్నుంచి మెల్లగా దిగుతోంది. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు 10,000 లోపు పడితే తప్ప ఎక్కించక్కర్లేదని జాతీయ మార్గదర్శకాల్లోనే ఉందని చెప్పింది. ఇదంతా నాలుగైదు నిమిషాల మాట. తర్వాత చుట్టాలెవరు ఫోన్ చేసినా నేను తడబడలేదు.

డెంగ్యూలో చాలాసార్లు కావాల్సింది అనవసరమైనదేదీ చేయకుండా కాచుకుని కూర్చోగలగడం. కన్నవాళ్లకు అంతకంటే కష్టమైన పని లేదు. ముడుపు కట్టిన మా అత్తగారు కూర్చోగలిగారు, సీసా పట్టుకొచ్చిన బావగారు కూర్చోలేకపోయారు. మొక్కు వల్ల ప్లాస్మా కారడం ఆగిందని నేను అనను. ఆగిందని మా అత్తగారు అంటారు, ఆవిడతో వాదించను. ఆ బెంచీ మీద మమ్మల్ని పద్ధతిగా కూర్చోబెట్టింది మాత్రం ఆ మొక్కే.

నమ్మకం పేరుతో ఆలస్యం చేసేవాళ్ల మీద నాకు ఏ జాలీ లేదు. పిల్లాడు మత్తుగా పడి ఉంటే గాలి సోకిందని వేపమండలతో దిగదుడిచేవాళ్లు, ప్రార్థన నూనె రాసి మందులు మానేయమనేవాళ్లు, ఆసుపత్రి గేటు దగ్గరే తాయెత్తులు అమ్మేవాళ్లు – వీళ్లు భక్తిని వాడుకుని బతికేవాళ్లు. జోకులు వేసేవాళ్లు మొక్కుకున్న తల్లినీ వీళ్లనూ ఒకే గాటన కట్టేస్తున్నారు. అదే అన్యాయం.

ఇక ఆసుపత్రుల సంగతి. పిల్లల ఐసీయూలోకి తల్లినో తండ్రినో రానిస్తే ఇన్ఫెక్షన్ వస్తుందంటారు. నిజమే, చేతులు కడగకపోతే ఎవరి వల్లయినా వస్తుంది. అంతకంటే సున్నితమైన నవజాత శిశువుల యూనిట్లకే కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లిదండ్రులకు చేతులు కడగడం దగ్గర్నుంచి నేర్పి, లోపలికి రానిచ్చి, బిడ్డ సంరక్షణలో చెయ్యి వేయనివ్వమని. ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయంతో భారత్ సహా ఐదు దేశాల్లో చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను వెంటనే తల్లి ఒంటికి ఆనించి, తల్లితో కలిపే ప్రత్యేక యూనిట్లో ఉంచితే మరణాలు 25 శాతం తగ్గాయి. రెండు కిలోలైనా లేని పసికందుల దగ్గర సాధ్యమైంది ఐదేళ్ల పిల్లాడి మంచం దగ్గర ఎందుకు కాదు? వాడికి ఓఆర్ఎస్ చెంచాతో పట్టేది, మూత్రం పోసినప్పుడు గుర్తుపెట్టుకుని నర్సుకు చెప్పేది, చెయ్యి చల్లబడితే ముందు పసిగట్టేది అమ్మే కదా. మంచం పక్కన ఒక కుర్చీ, రోజుకు రెండు పూటలా ఒక డాక్టరు కూర్చుని చెప్పే పది నిమిషాల మాట. ఆసుపత్రులు నడిపేవారిని నేను కోరేది ఈ రెండే.

పిల్లలున్న ఇళ్లవాళ్లకూ ఒక మాట. జ్వరం దిగిందని డెంగ్యూ పిల్లాడి మీంచి కన్ను తీయకండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, మూత్రం తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు ఆటో ఎక్కండి. ముడుపు ఆటోలో కట్టుకోవచ్చు.