రేకు ధర చూస్తున్నారు, గాలి లెక్క చూడడం లేదు

గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారైనా, టిప్పర్లు బాగుచేసేవారైనా, పాత షెడ్డు తీసివేసి ఎత్తైన ఉక్కు షెడ్డు వేయాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఫ్యాక్టరీలో ముందుగానే తయారైన స్తంభాలు, దూలాలు లారీలో వచ్చి దిగుతాయి. క్రేను పెట్టి లేపి బోల్టులు బిగిస్తే కొద్ది వారాలలో షెడ్డు నిలబడుతుంది. మధ్యలో స్తంభాలు ఉండవు కనుక ఇరవై మీటర్ల వెడల్పున బండ్లు ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. ఎండలో, వానలో రోడ్డు పక్కన వెల్డింగు చేసుకునే రోజులతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు.

చిక్కంతా బేరం జరిగే తీరులోనే ఉంది. చదరపు అడుగుకు ఎంత, ఉక్కు కిలో ఎంత అనే రెండు ప్రశ్నలతో బేరం ముగిసిపోతున్నది. ముగ్గురు కాంట్రాక్టర్లు మూడు కొటేషన్లు ఇస్తే, అన్నిటికంటె తక్కువ చెప్పినవానికి అడ్వాన్సు ముడుతుంది. అతడు ఎందుకు తక్కువ చెప్పగలిగాడన్నది ఎవరూ అడగరు. షెడ్డును ఎంత గాలికి లెక్క కట్టారు అన్న ప్రశ్న అసలే రాదు.

విశాఖపట్నంలో ఈ ప్రశ్న అడగకపోవడం ఆశ్చర్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీదనే తీరం దాటింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు రేకులు లేచిపోయాయి. కొన్ని రోజులపాటు విమానాలు ఆగిపోయాయి. ప్రభుత్వ సొమ్ముతో, పెద్ద ఇంజనీర్ల పర్యవేక్షణలో కట్టిన కప్పుకే ఆ గతి పట్టినప్పుడు, సగం అప్పు, సగం భార్య నగలు పెట్టి కట్టుకునే షెడ్డు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

గాలి లెక్కకు దేశమంతటికీ ఒక ప్రమాణం ఉంది. ఐ.ఎస్. 875 మూడవ భాగం అంటారు. దాని ప్రకారం హైదరాబాదులో మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నంలో 50 మీటర్లు. ఆరు మీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. కాని గాలి వేగం పెరిగితే దాని తాకిడి అదే లెక్కన పెరగదు. వేగం రెండింతలైతే తాకిడి నాలుగింతలవుతుంది. అందుచేత 44 నుంచి 50కి వచ్చేసరికే తాకిడి 29 శాతం పెరుగుతుంది. అంతటితో ఆగలేదు. ఆ ప్రమాణాన్ని 2015లో సవరించినప్పుడు, తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ఉన్న పారిశ్రామిక కట్టడాలకు గాలి వేగాన్ని మరో 15 శాతం పెంచి లెక్క వేయాలన్నారు. రెండూ కలిపితే, హైదరాబాదు శివార్లలో నిలిచే షెడ్డుకంటె గాజువాక షెడ్డు దాదాపు 70 శాతం ఎక్కువ తాకిడికి తట్టుకోవాలి. హైదరాబాదులో ఎవరికో గీసిన డ్రాయింగు మీద పేరు మార్చి ఇక్కడ అమ్మితే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఉక్కు తక్కువ పడుతుంది, ధర తక్కువ అవుతుంది, తుపాను వచ్చే దాకా షెడ్డు కూడా బ్రహ్మాండంగానే నిలబడుతుంది.

షెడ్డు కింద పడిపోతుందేమోనని అందరికీ భయం. నిజానికి రేకుల షెడ్డుకు ఉన్న పెద్ద ప్రమాదం పైకి లేచిపోవడం. రేకులు, వాటి కింది పర్లిన్లు, దూలాలు అన్నీ కలిపినా చదరపు మీటరుకు 25, 30 కిలోల బరువుకు మించదు. పెద్ద గాలి కప్పు మీదుగా పోతూ పైకి గుంజుతుంది. తలుపులు తెరిచి ఉంటే లోపల చొరబడిన గాలి కింది నుంచి కూడా నెడుతుంది. రెండూ కలిస్తే చదరపు మీటరుకు 150 కిలోలకు పైబడిన బలం కప్పును లేపుతుంది. ఇరవై మీటర్ల వెడల్పు, నలభై మీటర్ల పొడవు ఉన్న షెడ్డును తీసుకుంటే, దాని బరువు పోగా వంద టన్నులకు అటూ ఇటూగా లేపుడు మిగులుతుంది. పన్నెండు స్తంభాలు ఉంటే ఒక్కొక్క దానిని ఎనిమిది టన్నుల బలంతో భూమిలోనుంచి పీకినట్టు. అక్కడ పట్టుకోవలసింది బేసుప్లేటు కింద కాంక్రీటులో దిగిన బోల్టులు, ఆ బోల్టులను పట్టుకున్న పునాది బరువు. పునాది పని మాత్రం షెడ్డు కంపెనీ చేయదు. యజమానే స్థానిక మేస్త్రీకి అప్పగిస్తాడు. మేస్త్రీ తనకు తెలిసిన ఇంటి స్తంభం లెక్కన గొయ్యి తీస్తాడు. ఇల్లు భూమిని నొక్కుతుంది, ఈ షెడ్డు గాలిలో భూమిని లాగుతుంది అనే తేడా అతనికి ఎవరూ చెప్పరు.

రోలింగు షట్టరు గురించి కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. అయిదారు మీటర్ల వెడల్పు షట్టరు గాలికి వంగి పట్టాలలోనుంచి ఊడితే, మూసి ఉన్న షెడ్డు ఒక్క క్షణంలో తెరిచిన షెడ్డు అవుతుంది. షట్టరు ఖర్చులో మిగుల్చుకున్న సొమ్ము కప్పు మీద తీరుతుంది.

ఇక ఎత్తు. పది మీటర్ల షెడ్డు కావాలని చెప్పి వచ్చిన యజమానికి, తీరా క్రేను బిగించాక హుక్కు ఏడు మీటర్ల దగ్గర ఆగిపోతే కలిగే నిరాశ ఇంతా అంతా కాదు. మోసం జరిగిందని గొడవ పడతాడు. అది మోసం కాకపోవచ్చు. కాంట్రాక్టరు చెప్పింది చూరు ఎత్తు. దూలం లోతు ముక్కాలు మీటరుకు పైగా దిగుతుంది. క్రేను గడ్డరు, దాని మీది బండి, పైన విడవవలసిన ఖాళీ మరో మీటరున్నర, రెండు మీటర్లు మింగేస్తాయి. అందుకని కాగితం మీద రాయించుకోవలసింది హుక్కు ఎత్తు. క్రేను అక్కరలేనివారు దూలం అడుగు వరకు ఉన్న ఖాళీ ఎత్తు రాయించుకోవాలి. కంటెయినర్ లారీ నాలుగున్నర మీటర్ల దాకా ఉంటుంది. టిప్పరు తొట్టి పూర్తిగా లేపితే ఏడు మీటర్లు దాటవచ్చు. తన దగ్గరకు వచ్చే బండ్లలో అన్నిటికంటె ఎత్తైనదానిని టేపు పెట్టి కొలిచాకే యజమాని కాంట్రాక్టరు దగ్గరకు పోవాలి. క్రేను తరువాత చూసుకుందామంటే కూడా కుదరదు. దాని బరువు స్తంభాల లెక్కలో మొదటే చేరాలి.

పక్కవానిది తొమ్మిది మీటర్లు గనుక తనది పన్నెండు ఉండాలనే పట్టుదల కూడా లేకపోలేదు. ఆరు మీటర్ల స్తంభాన్ని పన్నెండు మీటర్లు చేస్తే ఉక్కు రెండింతలు పడుతుందని చాలామంది అనుకుంటారు. స్తంభం మొదట్లో గాలి కలిగించే వంపు సుమారు నాలుగింతలవుతుంది. పునాది, బోల్టులు అన్నీ దానికి తగ్గట్టు పెరగాలి. వర్కుషాపులో సగం పని, అంటే ఇంజను దింపడం, వైరింగు, పెయింటు వంటివి, ఆరు మీటర్ల కప్పు కింద హాయిగా సాగుతాయి. తొట్టి లేపే పనికి, పొడుగు బాడీలకు ఒక్క భాగం ఎత్తుగా ఉండి, మిగిలినది దానికి ఆనుకొని తక్కువ ఎత్తున ఉంటే ఉక్కు మిగులుతుంది, గాలి తాకిడీ తగ్గుతుంది. చిన్న ప్లాట్లవారు నలుగురు కలిసి ఒకే ఎత్తైన షెడ్డు కట్టుకుని వంతులవారీగా వాడుకుంటే మరీ మంచిది. ఆటోనగర్‌లలో నలుగురు కలిసి ఒక పని చేయడం ఎంత కష్టమో అక్కడివారికి తెలియనిది కాదు. కాని ఎత్తు మీద పెట్టే లక్షలు చూస్తే ఆ కష్టం పడవచ్చుననిపిస్తుంది. ఎత్తు పెంచేవారు విమానాల రాకపోకల అనుమతి సంగతి కూడా ముందే కనుక్కోవాలి. ఐ.ఎన్.ఎస్. డేగా రన్‌వే దూరమేమీ కాదు.

ఉక్కు కర్మాగారం పక్కనే ఉంది కనుక సరుకు ఇక్కడిదే అని నమ్మించేవారున్నారు. విశాఖ ఉక్కులో తయారయ్యేవి కడ్డీలు, తీగలు, యాంగిళ్లు, చానళ్ల వంటివి. ఈ షెడ్ల స్తంభాలకు కోసి అతికే ప్లేటు అక్కడ తయారుకాదు. బయటనుంచి వస్తుంది. అందువల్ల ప్లేటుకు మిల్లు ఇచ్చిన పరీక్ష సర్టిఫికెటు అడిగి తీసుకోవాలి. సముద్రపు ఉప్పుగాలికి రేకుల మీది పూత, స్క్రూల తలలు తొందరగా తింటాయి. మామూలు స్క్రూ నాలుగు వానలకు తుప్పు పడితే రేకు ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. చూరు అంచుల్లో, మూలల్లో గాలి గుంజుడు అన్నిటికంటె ఎక్కువ గనుక అక్కడ స్క్రూలు, పర్లిన్లు దగ్గరగా ఉండాలి.

షెడ్డు లేపే రోజులు కూడా ప్రమాదపు రోజులే. మొదటి రెండు ఫ్రేముల మధ్య అడ్డ కడ్డీలు బిగించి, నిలుపు తాళ్లు కట్టాకే మూడో ఫ్రేము ఎత్తాలి. పది మీటర్ల పైన నడిచే కుర్రవానికి నడుము బెల్టు, దాన్ని తగిలించడానికి తాడు యజమాని అడిగితే తప్ప రావు. సగం కట్టిన షెడ్డు అక్టోబరు, నవంబరు తుపానులకు దొరక్కుండా పని వేసవిలోనే ముగించుకోవాలి.

అగ్ని గురించి క్లుప్తంగా: ఉక్కు కాలదు గాని 550, 600 డిగ్రీల వేడికి సగం బలం పోగొట్టుకుంటుంది. పెయింటు, థిన్నరు, డీజిలు ఉండే గదిని ఇటుక గోడతో వేరు చేయడం తప్పనిసరి.

ప్లాను మంజూరు చేసే కార్యాలయం డ్రాయింగు మీద గాలి వేగం, ఇంజనీరు సంతకం, పునాది మీదికి వచ్చే లేపుడు బలం స్పష్టంగా రాసి ఉంటేనే ఆమోదించాలి. అప్పు ఇచ్చే బ్యాంకు అదే కాగితం అడిగితే సగం పని అయినట్టే. ఈ లెక్క అడిగినందుకు ధర పెంచే కాంట్రాక్టరు దొంగ కాదు. అడిగినా పెంచనివాడిని గురించే ఆలోచించాలి.

ఇప్పటికే షెడ్లు కట్టుకున్నవారు చూసుకోవలసినది ఒకటుంది. స్తంభాల మధ్య ఏటవాలుగా ఉండే అడ్డ కడ్డీలు లారీ రావడానికి అడ్డమని గ్యాసు కట్టరుతో కోసివేసిన షెడ్లు ఉంటాయి. అవి కేవలం అలంకారానికి పెట్టినవి కావు, పొడవు వైపు వచ్చే గాలిని ఆపేవి అవే. కోసినచోట మళ్లీ అతికించలేకపోతే, బండి దారికి అడ్డం రాకుండా చట్రం రూపంలో వేరే ఏర్పాటు చేయవచ్చు. దానికి ఇంజనీరును ఒక్క పూట పిలిపిస్తే సరిపోతుంది. అక్టోబరు లోపలే పిలిపించాలి.