ఏడవని బిడ్డ



జింబాబ్వేలో ఎక్కువమంది మాట్లాడే భాష షోనా. అందులో సామెతను ‘త్సుమో’ అంటారు. వాటిలో ఒకటి నన్ను చాలా రోజులుగా వదలడం లేదు: “మ్వానా అసింగచేమి అనోఫిరా ముంబెరెకో.” ఏడవని బిడ్డ తల్లి వీపున కట్టుకున్న గుడ్డలోనే చనిపోతుంది అని అర్థం. కటువుగా ఉంది కదా! మన “అడగందే అమ్మైనా పెట్టదు” అన్నం దగ్గర ఆగింది. వాళ్లది ప్రాణం దాకా వెళ్లింది.

ఇందులో తల్లి తప్పేమీ లేదని గమనించండి. బిడ్డను వీపున కట్టుకునే ఆమె చేలో పని చేస్తుంది, నీళ్లు మోస్తుంది. బిడ్డ బరువు, ఒంటి వెచ్చదనం ఆమెకు తెలుస్తూనే ఉంటాయి. ముఖం మాత్రం కనబడదు. అంత దగ్గరగా ఉన్నా, ఏడిస్తేనే తెలిసేది.

అలాగని అక్కడి పిల్లలు నోటికొచ్చినట్టు మాట్లాడతారని కాదు. పెద్దలకు చేతులు తట్టి గౌరవం చూపే సమాజం అది. అయితే నాన్నతో చెప్పలేని మాట చెప్పుకోవడానికి మేనత్త ఉంటుంది. ఆమెను ‘తేతే’ అంటారు, ఇంట్లో ఆమె మాటకు చాలా విలువ. కథ చెప్పేటప్పుడు కూడా పిల్లలు ఊరికే వినరు. చెప్పేవారు ఆగిన ప్రతిచోటా “ద్జెప్ఫుండే” అంటారు, అచ్చం మనం ఊఁ కొట్టినట్టే.

మన క్లాసుల్లో ఏమవుతోంది? “మీవాడు చాలా సైలెంటండీ” అంటే తల్లిదండ్రులు సంతోషిస్తారు. నాకు మాత్రం అది మెచ్చుకోలుగా వినిపించదు. అల్లరి పిల్లాడి సంగతి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మూడో బెంచీలో కుదురుగా కూర్చున్న పిల్లకు భిన్నాలు అర్థం కాలేదని స్లిప్ టెస్ట్ దాకా తెలియదు.

దీనికి తోడు ఇంగ్లీషు. డౌట్ కూడా ఇంగ్లీషులోనే అడగాలంటే, ఆ పిల్ల ముందు వాక్యం కూర్చుకోవాలి, గ్రామర్ సరిచూసుకోవాలి. ఈలోపు లెక్క అయిపోతుంది. జింబాబ్వే 2013 రాజ్యాంగం షోనాతో సహా 16 భాషలకు అధికారిక గుర్తింపు ఇచ్చింది. అయినా అక్కడ పై తరగతుల చదువు ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతుంది, కాబట్టి ఈ ఇబ్బంది వాళ్లకీ కొత్త కాదు. నేను బోధించేది ఇంగ్లీషు మీడియంలోనే, పిల్లలకు ఆ భాష బాగా రావాలనే కోరుకుంటాను. కానీ డౌట్ ఏ భాషలో వస్తే ఆ భాషలో అడగనివ్వాలి. ఇంగ్లీషు వాక్యం తర్వాత నేర్పుకోవచ్చు.

ఇంట్లో కూడా “ఇదీ తెలీదా?” అని రెండుసార్లు అనిపించుకున్న పిల్లలు మూడోసారి అడగరు. మీకు తీరిక లేకపోతే అమ్మమ్మనో, అత్తనో, పక్కింటి అక్కనో ఎవరో ఒకరిని అడగనివ్వండి.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు చూశాక మమ్మల్ని ఒక్క ప్రశ్న వేయండి: “మా అమ్మాయి ఈ నెలలో క్లాసులో ఏం అడిగింది?” మేం తడుముకుంటే వచ్చే నెల మళ్లీ అడగండి.