సాగర్ నీరు – శివారు సాగు

నాగార్జునసాగర్‌ను బహుళార్థసాధక ప్రాజెక్టుకు ఉదాహరణగా వ్యవసాయ విద్యార్థులకు బోధించడం పరిపాటి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడుదలైన ఈ జలాశయం సాగునీటిని, ప్రధాన కేంద్రం నుండి సుమారు 816 మెగావాట్ల సామర్థ్యం గల జలవిద్యుత్తును, నాగార్జునకొండకు లాంచీ విహారాన్ని అందిస్తున్నది. అయితే విద్యుత్తు గిరాకీ గంటలను బట్టి మారుతుంది. వరికి నీరు అదనును బట్టి కావాలి. ఈ వ్యత్యాసపు భారం చివరకు చేరేది నందివాడ వంటి కృష్ణా డెల్టా శివారు ప్రాంతాలకే.

డెల్టాకు సాగర్ నుండి ప్రత్యేక కాలువ లేదు. విద్యుత్కేంద్రం నుండి, గేట్ల నుండి నదిలోకి వచ్చిన నీరే పులిచింతల మీదుగా ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. అకాలంలో విడుదలైన నీటిని నిలిపి, అదనుకు అందించడానికే 45.77 టి.ఎం.సి.ల పులిచింతల నిర్మితమైంది. 2015 నుండి పట్టిసీమ ద్వారా గోదావరి జలాలూ తోడయ్యాయి. కనుక బ్యారేజీ వద్ద నీరు ఉన్నదా అన్న ప్రశ్న ఒక్కటే నేడు చాలదు. చివరి పంటబోదెకు అది ఏనాడు చేరుతున్నదన్నదే ముఖ్యం.

నందివాడ మండలం కొల్లేటి చేరువన, బుడమేరు పారే పల్లపు ప్రాంతం. నీరు ఆలస్యంగా అందే పొలాల నుండే మురుగు కూడా ఆలస్యంగా దిగుతుంది. 2024 సెప్టెంబరు వరద ఈ సంగతిని మరల రుజువు చేసింది. నాట్లు ఆగస్టు చివరికి జారితే, 150 రోజుల బి.పి.టి. 5204 పూత, పాలుపోసుకునే దశలలో తుఫానులకు చిక్కుతుంది. కోత ఆలస్యమై మాగాణి మినుముకు అదను తప్పుతుంది. వరిచేలు చేపల చెరువులుగా మారడానికి లాభాపేక్షతో పాటు ఈ అనిశ్చితి కూడా కారణమని గుర్తించాలి.

అందుచేత డెల్టా అంతటికీ ఒకే నారుమడి తేదీని సూచించడం సమంజసం కాదు. నీరు విడుదలైన తేదీని గాక, బోదె చివరకు చేరిన తేదీని విస్తరణ శాస్త్రవేత్తలు నీటి వినియోగదారుల సంఘాల తోడ్పాటుతో ఏటా నమోదు చేయాలి. ఆ తేదీని బట్టి రకాన్ని, సాగు పద్ధతిని సిఫారసు చేయాలి. ఆలస్యమైన ఏడు స్వల్పకాలిక రకాలు, నేరుగా విత్తే పద్ధతి మేలు. అయితే మురుగు దిగని చేలలో లేతమొలక మునిగిపోతుంది గనుక, డ్రెయిన్ల పూడికతీత ఈ సిఫారసులో అంతర్భాగం కావాలి.

విద్యుదుత్పత్తిని తగ్గించమని కోరనవసరం లేదు. విడుదల ప్రణాళిక నారుమళ్లకు ముందే శివారు రైతుకు తెలియాలి. జలాశయ మట్టం డ్యామ్ వద్ద కొలవవచ్చు. దాని సాఫల్యాన్ని మాత్రం చివరి చేనిలోనే కొలవాలి.